పటం మనది, పట్టుకున్నోడు ఎవరు?

నగరంలో ఒక పరిశోధనా సంస్థ అతిథి గృహంలో, మెట్లెక్కే మలుపు దగ్గర, ఒక ఎర్రటి పటం అద్దం వెనక వేలాడుతూ వుంటుంది. పొడుగాటి పటంలోంచి కోసిన రెండు వరసల ముక్క అది. పై వరసలో ఒక ఆవు. కింది వరసలో పొయ్యి మీద కుండ, కుండ పక్కన ఒక పిల్లగాడు. కింద ఇత్తడి రేకు మీద 'చేర్యాల పటం, అలంకరణ కళ, తెలంగాణ' అని ఇంగ్లీషులో చెక్కి వుంది. ఒక సెమినార్‌ కోసం నాలుగు రోజులు అక్కడ వున్నాను. రోజూ ఎక్కుతూ దిగుతూ దాన్ని చూశాను. మూడో రోజుకు గానీ నాకు తట్టలేదు. ఆ ఆవు కామధేనువు. ఆ పిల్లగాడు చెన్నయ్య. అది జాంబపురాణం. అంటే మా కులం కథ. నా కథ నా ఎదురుగా వేలాడుతుంటే గుర్తుపట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ ఇత్తడి రేకు పని అంత బాగా చేసిందన్నమాట.

ఆ రేకు మీద వున్న ఒక్కో మాటను పట్టి చూద్దాం. 'చేర్యాల' అనేది పటం గీసినవాళ్ల ఊరు. 'అలంకరణ' అనేది కొనుక్కున్నవాళ్ల అవసరం. 'తెలంగాణ' అనేది ప్రాంతం. ఈ పటాన్ని డబ్బులిచ్చి గీయించుకుని, భుజాన మోసుకుని, కర్రలకు కట్టి, రాత్రంతా కథ చెప్పిన డక్కలి పేరు అందులో లేదు. ఎవరి పుట్టుక గురించి ఆ కథో ఆ మాదిగ పేరూ లేదు. కళావిమర్శ పేరుతో జరుగుతున్న పని ఎక్కువగా ఇదే. గుడ్డను దాచి మనిషిని పారేస్తున్నారు. ఈ వ్యాసంలో నేను చెప్పదల్చుకున్నది అంతవరకే అయితే చాలా తేలిక. తప్పంతా అగ్రకుల విమర్శకుల మీద, మ్యూజియంల మీద వేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఆ రేకు చెక్కడానికి ముందే డక్కలి పేరును కొట్టేసిన చేతుల్లో మావి కూడా వున్నాయి. అసలు ఇబ్బంది అక్కడుంది.

పటం నిజంగా ఏం చేస్తుంది

పటం బొమ్మ కాదు, పత్రం. తెలంగాణలో ప్రతి ఉత్పత్తి కులానికీ దాన్ని ఆశ్రయించి బతికే ఒక కులం వుంది. పద్మశాలీలకు కూనపులి, ముదిరాజులకు కాకిపడగల, మాదిగలకు డక్కలి. ఈ ఆశ్రిత కులంవాళ్లు దాత కులం పుట్టుపూర్వోత్తరాలను కథగా చెప్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివాళ్లకు మడేలు పురాణం, మాదిగలకు జాంబపురాణం. ఆ కథ చెప్పడానికి కొందరికి పటం కావాలి. పటం వుంటేనే మిరాశి అడిగే హక్కు. ఏ ఊళ్లు ఏ కుటుంబానివో వాళ్లలో వాళ్లకు పంపకాలుంటాయి. పటం విప్పారంటే ఈ ఊళ్లో మాకు పాలు వుందని చెప్పినట్టే.

పటం తయారీలో ఎంత శ్రమ వుందో కూడా చూడాలి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టిన చింతగింజల అంబలి, జిగురు నీళ్లు కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరిన తర్వాత నకాశీ చిత్రకారుడు ఉడుత వెంట్రుకల కుంచెతో గీస్తాడు. వెనక రంగు ఎరుపు. సుమారు మూడడుగుల వెడల్పు, నలభై నుంచి అరవై అడుగుల దాకా పొడవు. కథ వరసలు వరసలుగా పైనుంచి కిందికి దిగుతుంది. వరసకూ వరసకూ మధ్య పూల అంచు. కథ చెప్పేవాడు ఒక్కో వరస విప్పుతూ, అయిపోయింది చుడుతూ పోతాడు. అంటే పటం మొత్తం ఒకేసారి ఎప్పుడూ కనిపించదు. కథకుడి నోరు ఎంత విప్పితే పటం అంతే విప్పుకుంటుంది. దీన్ని గోడకు కొట్టి, అద్దం బిగించి, 'ఆకృతి', 'వర్ణ సమ్మేళనం' అని మాట్లాడడం ఎట్లా వుంటుందంటే, పాట ఆపేసి గాయకుడి నోటి వంపు మీద వ్యాసం రాసినట్టు వుంటుంది.

పటం పాతబడి చిరిగిపోతే దాన్ని చెత్తలో వెయ్యరు. చనిపోయిన మనిషికి చేసినట్టు చేసి నీళ్లలో కలుపుతారు. ప్రాణం పోవడం వుందంటే ప్రాణం వుందనే కదా. అలంకరణ వస్తువుకు అంత్యక్రియలు ఎవరైనా చేస్తారా?

జాంబపురాణాన్ని పురాణం అంటున్నాం గానీ అది ఒక వాదన. భూమి పుట్టక ముందు ఆరు నెలలకే ఆది జాంబవుడు పుట్టాడని అది మొదలుపెడుతుంది. బ్రహ్మ ముఖంలోంచి పుట్టామని చెప్పుకునేవాళ్లకు అంతకన్నా పెద్ద జవాబు ఏముంటుంది? తర్వాత కామధేనువు కథ. దేవతలకు కామధేనువు మాంసం కావాలి. వండుతుంటే ఒక ముక్క కింద పడింది. పిల్లగాడు దాన్ని తీసి, నోటితో దుమ్ము ఊది, మళ్లీ కుండలో వేశాడు. ఎంగిలి చేశాడని శపించారు. తిన్నది దేవతలు, శాపం పిల్లగాడికి. ఈ కథలో అంటరానితనానికి కారణం పాపం కాదు, పుట్టుక కాదు. ఒక పిల్లగాడు ముక్క పారేయలేక ఊదడం. ఆకలి తెలిసినవాడు చేసే పని అది. బ్రాహ్మణీయ పురాణాన్ని దాని సామానుతోనే తిప్పికొట్టిన కథ ఇది.

అయితే దీన్ని పూర్తి తిరుగుబాటు అనడం కూడా తొందరపాటే. శాపాన్ని ఈ కథ ప్రశ్నిస్తుంది, రద్దు చెయ్యదు. చాలా పటాల్లో మొదటి వరసలో వినాయకుడే వుంటాడు. మన పుట్టుక కథ చెప్పడానికి కూడా ముందు వాళ్ల దేవుడికి దండం పెట్టాలి. ఈ రెంటినీ కలిపి చూడకుండా 'ప్రత్యామ్నాయ సంస్కృతి' అని ఒక్క మాటలో తేల్చేయడం మన వ్యాసాల్లో మామూలైపోయింది.

గుడి లేనివాళ్లకు గుడ్డే గుడి

పటం గురించి మాట్లాడుతూ బయటి సమాజాల జెండాల్లోకి, పటాల్లోకి వెళ్లడం ఎందుకంటారా? మన గడప దగ్గర నిలబడి మన గడప కనపడదు. అవతలి వాడలోకి వెళ్లి వెనక్కి చూస్తే కనపడుతుంది.

ముందు మనకు తెలిసిన గుడ్డ ఒకటి చెప్తాను. వైష్ణవాలయాల్లో బ్రహ్మోత్సవాలకు ధ్వజారోహణం చేస్తారు. గరుత్మంతుడి బొమ్మ వున్న గుడ్డను ధ్వజస్తంభం పైకెక్కిస్తారు. అది దేవతలకు పిలుపు అంటారు. ముప్పై మూడు కోట్ల దేవతలను పిలిచే ఆ గుడ్డ, ఊరి చివర వున్న మాలమాదిగలను ఎన్నడూ పిలవలేదు. ఎంత దూరంలో నిలబడాలో గుర్తు చెయ్యడానికే అది మనకు పనికొచ్చింది.

ఇప్పుడు గుజరాత్‌ పోదాం. అహ్మదాబాద్‌లో వాఘరీలు, ఇప్పుడు దేవీపూజక్ అని పిలుచుకునేవాళ్లు, 'మాతా నీ పచేడీ' అనే గుడ్డ రాస్తారు. అమ్మవారి వెనక కట్టే గుడ్డ అని అర్థం. వీళ్లను గుళ్లోకి రానివ్వలేదు. రానివ్వకపోతే వీళ్లు గుమ్మం ముందు ఏడుస్తూ కూర్చోలేదు. గుడ్డ మీద గుడి గీశారు. నాలుగు వైపులా గుడ్డలు కట్టి, పైన చందర్వో అనే చాందినీ కట్టి, అదే గుడి అన్నారు. మధ్యలో గుడి ఆకారం, అందులో వాహనం మీద అమ్మవారు, చుట్టూ వరసల్లో భక్తులు, జంతువులు. మేక మీద మేలడీ, కోడి మీద బహుచరా, కుక్క మీద హడకాయీ. మన పోచమ్మ, మైసమ్మల చుట్టాలే వీళ్లు. రంగులు ముఖ్యంగా మూడు. గుడ్డ తెలుపు, ఇనుప తుప్పు బెల్లంతో పులియబెట్టిన నలుపు, పటికతో పట్టించిన ఎరుపు. రంగు వేసిన గుడ్డను సబర్మతి పారే నీళ్లలో ఉతికేవాళ్లు.

దీన్ని 'గుజరాత్‌ కలంకారీ' అని కూడా అంటారు. మన శ్రీకాళహస్తి కలంకారీతో పోల్చడానికి ఆ పేరు వాడతారు. నలుపు, ఎరుపు పుట్టే పద్ధతి దగ్గరిదే, నిజమే. కానీ ఆ పోలికలో ఒకటి జారిపోతుంది. శ్రీకాళహస్తి గుడ్డ గుడి లోపల వేలాడడానికి పుట్టింది. పచేడీ గుడి బయటికి నెట్టబడ్డవాళ్ల దగ్గర పుట్టింది. రంగు ఒకటే కావచ్చు, నిలబడ్డ చోటు ఒకటి కాదు. చోటు చెప్పకుండా రంగు గురించి చెప్పే విమర్శ సగం విమర్శ.

పచేడీలో ఇంకో విశేషం వుంది. గీసేవాళ్లదీ, కొలిచేవాళ్లదీ ఒకే సమాజం. అందుకే ఆ గుడ్డ ఎంత దూరం అమ్ముడుపోయినా దాని మీద ఆ సమాజం పేరు కొంతైనా మిగిలింది. మన పటం సంగతి అది కాదు. గీసేవాడు ఒకడు, మోసేవాడు ఒకడు, కథలో వున్నవాడు ఒకడు. ముగ్గురిలో ఎవరి పేరు మిగులుతుంది అనేదే ప్రశ్న.

రాజు బొమ్మ, దళితుడి గొంతు

దీనికి రాజస్థాన్‌ ఫడ్ మంచి ఉదాహరణ. పాబూజీ ఫడ్ సుమారు పదిహేను అడుగుల పొడవు. అడ్డంగా కట్టి ప్రదర్శిస్తారు. పాబూజీ రాథోడ్ రాజపుత్ర వీరుడు. అతన్ని కొలిచేవాళ్లలో పశువులు, ఒంటెలు కాసే రబారీలు ఎక్కువ. ఫడ్‌ను సంప్రదాయంగా గీసేది భీల్వాడా జిల్లా షాపురా వైపు జోషీ కుటుంబాలు. దాన్ని మోసుకుంటూ రావణహత్థా వాయిస్తూ రాత్రంతా కథ పాడే భోపాలు నాయక్ కులస్తులు. ఆ రాష్ట్రంలో షెడ్యూల్డు కులం. భోపీ, అంటే భోపా భార్య, దీపం పట్టుకుని పాడుతూ కథ ఎక్కడికి వస్తే అక్కడ వెలుగు చూపుతుంది. జాన్ డి. స్మిత్ 1991లో అచ్చువేసిన 'ది ఎపిక్ ఆఫ్ పాబూజీ' పుస్తకంలో ఈ పటం కాలక్రమంలో కాక, చోటును బట్టి అమర్చి వుంటుందని చూపించాడు. అంటే కథ ఏ వరసలో నడుస్తుందో తెలిసింది పటానికి కాదు, ఆ ఇద్దరికి. వాళ్లు లేకపోతే ఆ గుడ్డ మూగది.

ఫడ్ పూర్తయ్యాక చివరగా వీరుడి కన్ను గీస్తారు. అప్పుడు దానికి ప్రాణం వస్తుందంటారు. అప్పట్నుంచి అది నడిచే గుడి, నాయక్ దాని పూజారి. గుడి మెట్లెక్కనివ్వని మనిషి పటం ముందు పూజారి అవుతున్నాడు. కాకపోతే పటంలో గుర్రమెక్కి వున్నవాడు మాత్రం రాజపుత్రుడే. తనది కాని వీరత్వాన్ని తన గొంతుతో బతికించడం నాయక్ పని. దాంతో పోలిస్తే డక్కలి చెప్పేది రాజు కథ కాదు, అంటరానివాడి కథ. ఈ తేడా చిన్నది కాదు.

గుర్తింపు ఎవరికి వచ్చిందో చూడండి. ఫడ్ చిత్రకారుడు శ్రీలాల్ జోషీకి 2006లో పద్మశ్రీ వచ్చింది. తగినదే, ఆయన పనితనాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. కానీ ఫడ్ అనగానే చిత్రకారుడి పేరు చెప్పగలిగినవాళ్లు ఒక్క భోపా పేరు చెప్పగలరా? మన దగ్గర చేర్యాల పటానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. భౌగోళిక గుర్తింపుల చట్టం 1999 నాటిది. అది సరుకును, సరుకు తయారుచేసేవాళ్లను, ఆ ప్రాంతాన్ని కాపాడుతుంది. కథ చెప్పేవాడు ఆ చట్టం దృష్టిలో ఉత్పత్తిదారుడు కాడు. నకాశీల మీద నాకు కోపం లేదు. పెద్ద పటాలు గీయించుకునేవాళ్లు తగ్గిపోయాక, 1970ల తర్వాత, వాళ్లు చిన్న పటాలకూ, మాస్కులకూ, తాళంచెవుల గొలుసులకూ దిగాల్సి వచ్చింది. వాళ్లవి పిడికెడు కుటుంబాలు, వాళ్లదీ ఆకలే. కానీ అంగడికి వచ్చిన పటాల్లో ఎక్కువగా కృష్ణలీలలు, రామాయణం, కల్లుగీత, బతుకమ్మ కనపడతాయి. చెన్నయ్య కుండ, కామధేనువు మాంసం డ్రాయింగు రూముకు పనికిరావు. ఏది అమ్ముడుపోతుందో అది 'సంప్రదాయం' అవుతున్నది, ఏది పోదో అది మరుపవుతున్నది.

డక్కలి కళకు గుర్తింపే రాలేదని అనను. పన్నెండు మెట్ల కిన్నెర వాయించిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మంచిదే. అయితే ఒక్కరికి వచ్చిన బిరుదుతో ఒక జాతి గడప దాటుతుందా అన్నది వేరే ప్రశ్న.

జెండాను చూసి ఎవరు భయపడ్డారు

ఇంతవరకు చెప్పినవి కథ చెప్పే గుడ్డలు. ఇప్పుడు సవాలు విసిరే గుడ్డల సంగతి. ఒక గుడ్డకు ఎంత బలముందో తెలియాలంటే దాన్ని చూసి ఎవరు భయపడ్డారో చూడాలి.

పశ్చిమ ఆఫ్రికాలో, ఇప్పటి ఘనా తీరంలో, ఫాంటీ ప్రజల్లో అసాఫో అనే దళాలున్నాయి. ఒక్కో పట్నంలో కొన్ని దళాలు, ఒక్కోదానికి ఒక నంబరు. అక్కడ ఆస్తి, గద్దె తల్లి వైపు నుంచి వస్తాయి. అసాఫో సభ్యత్వం మాత్రం తండ్రి వైపు నుంచి వస్తుంది. ఇవి సామాన్యుల దళాలు. దొరను నిలదీయగల దళాలు. వీటి జెండాల మీద రంగు గుడ్డ ముక్కలు కత్తిరించి కుట్టిన బొమ్మలుంటాయి. మొసలి, చేప, రైలు, ఓడ, ఏనుగు. ఒక్కో బొమ్మ ఒక సామెత. అవతలి దళాన్ని ఎత్తిపొడిచే సామెత కూడా కావచ్చు. 1957లో స్వాతంత్య్రం వచ్చేదాకా జెండా మూలన బ్రిటిష్‌ జెండా వుండేది, ఆ తర్వాత ఘనా జెండా వచ్చింది. జెండా మీది బొమ్మ కారణంగా దళాల మధ్య కొట్లాటలు జరిగి మనుషులు చచ్చిపోయిన సందర్భాలున్నాయి. అందుకే వలస ప్రభుత్వం జెండా గుర్తుల మీద అదుపు పెట్టింది. మొసలి బొమ్మకు కూడా అనుమతి కావాల్సి వచ్చిందంటే ఆ మొసలి ఎంత గట్టిగా మాట్లాడిందో అర్థం చేసుకోవచ్చు.

ఈ జెండాను స్తంభానికి కట్టి వదిలెయ్యరు. దాన్ని పట్టుకుని ఆడే మనిషి ఒకరుంటారు. ఒంటి చుట్టూ తిప్పుతూ, కాళ్ల కింది నుంచి తీస్తూ, నేలకు తగలకుండా ఆడాలి. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఈ జెండాలు యూరపు, అమెరికా సేకర్తల గోడలకెక్కాయి. నకిలీవీ పుట్టుకొచ్చాయి. జెండా దొరికింది, ఆట పోయింది. మా మెట్ల మలుపులో జరిగిందే అక్కడా జరిగింది.

అమెరికాలో నల్లవాళ్ల హక్కుల సంఘం ఎన్‌.ఎ.ఎ.సి.పి. న్యూయార్క్‌ ఫిఫ్త్‌ ఎవెన్యూలోని తన ఆఫీసు కిటికీలోంచి ఒక నల్లజెండా ఎగరేసేది. దాని మీద బొమ్మ లేదు, పువ్వు లేదు, అంచు లేదు. తెల్లని అక్షరాల్లో ఒక్క వాక్యం. నిన్న ఒక మనిషిని గుంపు కొట్టి చంపిందని. దేశంలో ఎక్కడ లించింగ్‌ జరిగినా మర్నాడు ఆ జెండా బయటికొచ్చేది. 1936లో తీసిన ఫోటోలో కింద రద్దీగా జనం నడుస్తుంటే పైన ఆ జెండా కనపడుతుంది. 1938లో ఆఫీసు ఖాళీ చేయిస్తామని బెదిరింపు రావడంతో ఆపాల్సి వచ్చింది. 2015లో డ్రెడ్‌ స్కాట్‌ అనే కళాకారుడు అదే జెండాను, చంపింది పోలీసులని చేర్చి, మళ్లీ తయారుచేశాడు. 1985 కారంచేడు, 1991 చుండూరు తెలిసినవాళ్లకు ఆ జెండాను వివరించనవసరం లేదు. ఆ జెండాలో అందం వెతకడం ఎంత అసహ్యంగా వుంటుందో, మన పటాల్లో అందం మాత్రమే వెతకడం కూడా అంతే.

గడప

ఇప్పుడు ఇంటికి వస్తాను. నా చిన్నతనంలో పంటలు ఇంటికొచ్చాక మా వాడకు డక్కలివాళ్లు వచ్చేవాళ్లు. వాడ లోపల దిగేవాళ్లు కాదు. వాడకు అవతల, చింతచెట్టు కింద గుడిసె వేసుకునేవాళ్లు. మాపటికి పటం కట్టేవాళ్లు. మా నాయనమ్మ చాటలో వడ్లు తెచ్చి, వంగకుండా, పైనుంచి వాళ్ల జోలెలో పోసేది. ఒకసారి డక్కలాయన బిడ్డ, నా ఈడుదే, నాతో ఆడుకుంటూ మా ఇంటి గడప ఎక్కబోయింది. నాయనమ్మ కసిరింది. ఎందుకని నేనడిగితే చెప్పింది: 'వాళ్లు మన కథ చెప్పేటోళ్లు బిడ్డా. మన ఇంట్ల కూసునేటోళ్లు కాదు.'

మా నాయనమ్మ చెడ్డది కాదు. ఊళ్లో కాపు ఇంటి అరుగు కింద నిలబడి, పైనుంచి పోసిన నీళ్లు దోసిట్లో తాగిన మనిషి ఆమె. ఏ ఎత్తు నుంచి తనకు నీళ్లు పోశారో ఆ ఎత్తు నుంచే ఆమె వడ్లు పోసింది. అంబేద్కర్‌ నిచ్చెనమెట్ల అసమానత అని చెప్పిన దాన్ని నేను తర్వాత విశ్వవిద్యాలయంలో చదువుకున్నాను. కానీ ముందు చూసింది ఆ చాట దగ్గరే.

ఇక్కడ జాంబపురాణాన్ని మళ్లీ చదవాల్సి వుంది. ఒక పిల్లగాడి ఊపిరి సోకిందని కుండను మైల అన్న కథను చెప్పేది డక్కలి. వినేది మాదిగ. విని కళ్లనీళ్లు పెట్టుకునేది మాదిగ. కథ అయిపోయాక ఆ చెప్పినాయన బిడ్డ గడప ఎక్కితే మైల అనేదీ మాదిగే. ఆ రాత్రి పటం ముందు కూర్చుని మేం చెన్నయ్యలం అయ్యాం. తెల్లారి శపించిన దేవతలం అయ్యాం. పటంలో ఈ రెండో వరస ఎవరూ గీయలేదు.

ఈ మాట రాస్తే ఆధిపత్య కులాలవాళ్లు 'చూశారా, మీలో మీకే వుంది గదా' అంటారని తెలుసు. ఎన్నోసార్లు విన్నాను. వాళ్లకు నా జవాబు ఒకటే. ఈ నిచ్చెన మేం కట్టింది కాదు. దాని మీద మాకు భూమి, గుడి, అధికారం దక్కలేదు. మాకు దక్కింది ఒక మెట్టు కింద ఇంకొకడున్నాడన్న ఊరట మాత్రమే. ఆ ఊరటే నిచ్చెనను పడకుండా పట్టుకుంటుంది. కాబట్టి దాన్ని వదులుకోవాల్సింది మేం. ఆ పని వాళ్ల మెప్పు కోసం కాదు, మా విముక్తి కోసం.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా మాకు కులం పేరు పైకి చెప్పుకునే ధైర్యం ఇచ్చింది. అప్పటిదాకా తిట్టుగా విన్న పేరు పక్కన పెట్టుకుని నిలబడ్డాం. వెనకబడ్డ దళితుడికి అతని వాటా అతనికి రావాలన్నది దాని న్యాయం. ముప్పై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు షెడ్యూల్డు కులాల వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. తెలంగాణ చట్టం 2025 ఏప్రిల్‌ 14 నుంచి అమల్లోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేశారు. అతి వెనకబడ్డ 15 కులాల మొదటి గ్రూపుకు ఒక శాతం, మాదిగలున్న రెండో గ్రూపుకు తొమ్మిది శాతం, మాలలున్న మూడో గ్రూపుకు ఐదు శాతం. డక్కలి మొదటి గ్రూపులో వున్నాడు. ఏ న్యాయం మేం అడిగామో అదే న్యాయం ఇప్పుడు డక్కలి మమ్మల్ని అడుగుతాడు. చట్టం అతనికి వేరే వరస ఇచ్చింది. మరి గడప సంగతి ఏం చేద్దాం?

మన సభల్లో ఇప్పుడు జాంబపురాణం గురించి గొప్పగా మాట్లాడుతున్నాం. మూలవాసీ చరిత్ర అంటున్నాం, మౌఖిక సాహిత్యం అంటున్నాం. వేదిక మీద కిన్నెర మోగిస్తున్నాం. పాట అయ్యాక చప్పట్లు కొట్టి, ఉపన్యాసానికి మాత్రం విశ్వవిద్యాలయం మనిషిని పిలుస్తున్నాం. ఇందులో నేనూ వున్నాను. డక్కలి ఇప్పటికీ మన కథ చెప్పేటోడే. తన కథ చెప్పమని మనం అడగలేదు.

పటాన్ని కాపాడాలా?

'అంతరించిపోతున్న కళను కాపాడుకోవాలి' అనే మాటతో ఇటువంటి వ్యాసాలు ముగుస్తుంటాయి. ఆ మాట నాకు గొంతు దిగదు. పటం బతకాలంటే పటం విప్పి జోలె పట్టేవాడు వుండాలి. ఒకడి అడుక్కోవడం మీద ఒక కళ బతకాలని కోరడం సంస్కృతి ప్రేమ కాదు. డక్కలి పిల్ల చదువుకుని పటం పక్కన పెడితే, అయ్యో కళ పోయిందని మనం ఏడవడానికి మనకేం హక్కుంది? నేను చెప్పు కుట్టకుండా చదువుకున్నప్పుడు చర్మకళ పోయిందని ఎవరైనా నా ముందు ఏడిస్తే నేను ఊరుకునేవాణ్ణా?

అట్లాగని అద్దం వెనక ముక్కలుగా వేలాడనివ్వడమూ తప్పే. నా దృష్టిలో చెయ్యాల్సిన పనులు కొన్ని వున్నాయి. ఏ మ్యూజియంలో, ఏ ఆఫీసు గోడ మీద కులపురాణం పటం వున్నా, గీసిన ఊరి పేరుతో పాటు చెప్పిన కులం పేరు, కథలో వున్న కులం పేరు రాయమని అడగాలి. పటాన్ని ముక్కలు కోసి అమ్మడాన్ని వ్యతిరేకించాలి. జాంబపురాణాన్ని రికార్డు చేసే పరిశోధకులు, ముఖ్యంగా మనవాళ్లు, కథతో ఆగకుండా ఆ కథకుడి ఇల్లు, భూమి, కులం సర్టిఫికెట్‌, పిల్లల బడి గురించి కూడా రాయాలి. మాదిగ సంఘాలు డక్కలి కుటుంబాలకు మిరాశిగా కాకుండా, కళాకారులకిచ్చినట్టు లెక్కకట్టి పారితోషికం ఇవ్వాలి. పటం వుంచుకోవాలా, నీళ్లలో కలపాలా, కొత్తది గీయించాలా అనే నిర్ణయం వాళ్లకే వదిలెయ్యాలి. పటానికి అంత్యక్రియలు చెయ్యడం తెలిసినవాళ్లు వాళ్లే.

ఇవన్నీ బయటి పనులు. లోపలి పని ఒకటుంది, దానికి ఏ చట్టమూ అక్కర్లేదు. ఈసారి పంటలయ్యాక మా వాడకు డక్కలివాళ్లు వస్తారో లేదో తెలియదు. చింతచెట్టు కొట్టేశారు. వస్తే మా ఇంట్లోనే దిగమని చెప్పమని మా అమ్మను అడిగాను. 'చూద్దాం లే' అంది. ఆ 'చూద్దాం'తోనే ఇప్పుడు మన కొట్లాట.